గణితం, గణాంకం, కంప్యూటర్లు కలిపి చదవడం: కొన్ని అపోహలు, వాస్తవాలు

విశాఖపట్నంలో డిగ్రీ విద్యార్థులకు గణాంకశాస్త్రం బోధించే నాకు, ఇంటర్మీడియట్‌ ఫలితాలు వచ్చినప్పటి నుంచి ప్రవేశాలు ముగిసేవరకు తల్లిదండ్రులు అడిగే ప్రశ్నల్లో ముందే స్థిరపడిపోయిన అభిప్రాయాలు కొన్ని వినిపిస్తుంటాయి. మనవాళ్లు ఎంఎస్‌సీఎస్‌ అని పిలుచుకునే మూడు శాస్త్రాల కలయిక గురించి తరచుగా వినే మాటలను ఇక్కడ పరిశీలిస్తున్నాను.

అపోహ: ఈఏపీసెట్‌లో ర్యాంకు రానివాళ్లు చేరే కోర్సు ఇది.

అలా చేరేవారు ఉన్నారు, కాదనను. అయితే చేరిన కారణాన్ని బట్టి చదువు విలువను కొలవలేము. ఇంజినీరింగ్‌లో సాధారణంగా ఒక పేపరుతో ముగిసిపోయే సంభావ్యత, గణాంకాలు ఇక్కడ వరుస సెమిస్టర్లలో విభాజనాలు, అంచనా సిద్ధాంతం, పరికల్పనల పరీక్షలు, ప్రతిచయనం వంటి అంశాలుగా విస్తరిస్తాయి. ఈ దారికి మన ఊరిలోనే పెద్ద ఉదాహరణ ఉంది. ప్రసిద్ధ గణాంకశాస్త్రవేత్త సి.ఆర్‌. రావు మిసెస్‌ ఏవీఎన్‌ కళాశాలలో చదివి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితంలో పీజీ పూర్తిచేసి, 1941లో కలకత్తాలోని ఇండియన్‌ స్టాటిస్టికల్‌ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లారు. నిష్పాక్షికమైన అంచనా ఏదైనా దాని విస్తృతి (వేరియన్స్‌, అంటే సగటు నుంచి విచలనాల వర్గాల సగటు) ఒక హద్దు కంటే తగ్గదని చెప్పే ఫలితాన్ని 1945లో ప్రచురించారు. క్రామర్‌–రావు అసమానతగా పేరొందిన ఆ ఫలితాన్ని నిరూపించడానికి కావలసినవి కలనగణితమూ, కోషీ–ష్వార్జ్‌ అసమానతా. అంటే గణాంకశాస్త్రంలోని ఆ మూలస్తంభాన్ని అర్థం చేసుకోవడానికి పక్క పీరియడ్‌లో చెప్పే గణితమే చాలావరకు ఆధారం.

అపోహ: లెక్కలన్నీ సాఫ్ట్‌వేర్‌ చేస్తుంది కాబట్టి ఈ రోజుల్లో గణితం అవసరం లేదు.

అన్నింటికంటే ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ ఇదేనని నా అభిప్రాయం. అందువల్ల దీనికి కాస్త ఎక్కువ చోటు ఇస్తాను. 10,00,00,001; 10,00,00,002; 10,00,00,003 అనే మూడు విలువలను తీసుకోండి. సగటు 10,00,00,002. విచలనాలు −1, 0, 1. వాటి వర్గాల మొత్తం 2 అని నోటితోనే చెప్పవచ్చు. ఇప్పుడు పాఠ్యపుస్తకంలోని దగ్గరిదారి సూత్రంతో, అంటే విలువల వర్గాలను కూడి, అందులోంచి సగటు వర్గానికి మూడు రెట్లు తీసివేసే పద్ధతిలో, సాధారణ దశాంశ సంఖ్యలతో ఒక ప్రోగ్రాం రాయండి. జవాబు 2 రాదు, సున్నా వస్తుంది.

బీజగణితపరంగా ఆ సూత్రంలో దోషమేమీ లేదు. వర్గాలు వంద కోట్ల కోట్లను దాటిపోగా, కంప్యూటర్‌ వాడే డబుల్‌ ప్రెసిషన్‌ పద్ధతి 2 ఘాతం 53 వరకు, అంటే సుమారు 90 కోట్ల కోట్ల వరకే, ప్రతి పూర్ణసంఖ్యనూ కచ్చితంగా నిలుపుకోగలదు. ఆపైన ఒకట్ల స్థానంలో జరిగిన సవరింపులలోనే మన విస్తృతి మొత్తం కరిగిపోయింది. సూత్రం సరైనదేనని గణితం చెబుతుంది, వేర్వేరు విలువలకు విస్తృతి సున్నా కాజాలదని గణాంకశాస్త్రం హెచ్చరిస్తుంది, తప్పు ఎక్కడ పుట్టిందో కంప్యూటర్‌ శాస్త్రం చూపిస్తుంది. ఈ మూడింటిలో రెండే తెలిసినవారు ఆ సున్నాను నివేదికలో రాసి పంపే ప్రమాదం ఉంది. దీనికి పరిష్కారంగా, విలువలు ఒక్కొక్కటిగా వస్తున్నప్పుడే సగటునూ విచలనాల వర్గాల మొత్తాన్నీ సవరించుకుంటూ పోయే పద్ధతిని వెల్‌ఫర్డ్‌ అనే పరిశోధకుడు 1962లోనే ప్రచురించాడు.

అపోహ: గణాంకశాస్త్రమంటే సూత్రంలో అంకెలు వేసి జవాబు రాబట్టడం.

పరీక్ష పేపర్లు ఈ అభిప్రాయాన్ని పెంచి పోషించాయన్నది నిజమే. విశాఖ గాలి వేగాల దత్తాంశాన్ని విశ్లేషించే విద్యార్థికి, హుద్‌హుద్‌ తుపాను తీరం దాటిన 2014 అక్టోబర్‌ 12 నాటి విలువ మిగతావాటికి ఎంతో దూరంగా కనిపిస్తుంది, బాక్స్‌ ప్లాట్‌ నియమం దాన్ని అసాధారణ విలువగా గుర్తిస్తుంది. మామూలు రోజుల సగటు వేగం కావాలంటే దాన్ని పక్కన పెట్టడంలో కొంత అర్థముంది. పోర్టులో నిలబెట్టే క్రేన్‌ ఎంత గాలిని తట్టుకోవాలో తేల్చాలంటే అన్నింటికంటే ముఖ్యమైన విలువ అదే. ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతున్నామో ఏ సూత్రమూ చెప్పదు.

అపోహ: కంప్యూటర్స్‌ అంటే పైథాన్‌, జావా నేర్చుకోవడం.

భాషలు ద్వారకానగర్‌లో ఏ కోచింగ్‌ సెంటర్‌లోనైనా నేర్పుతారు. దత్తాంశ నిర్మాణాలు, అల్గారిథమ్‌లు, డేటాబేస్‌లు నేర్చుకోవడానికి మాత్రం సమయం పడుతుంది.

అపోహ: మూడూ కలిపి చదివితే ఏదీ లోతుగా రాదు.

ఇందులో సగం నిజం ఉంది. మూడు శాఖల అధ్యాపకులు ఒకరి సిలబస్‌ మరొకరు చూడకుండా బోధిస్తే, మాత్రికల ఐగెన్‌ విలువలు గణితంలో ఒకసారి, గణాంకశాస్త్రంలోని ప్రధాన భాగాల విశ్లేషణలో (పీసీఏ) మరోసారి, రెండు వేర్వేరు వస్తువుల్లా విద్యార్థి ముందుకు వస్తాయి. ఆ రెండింటినీ కలుపుకునే శ్రమ విద్యార్థిపైనే పడుతుంది. పైగా 2023–24 నుంచి మన రాష్ట్రంలో ఒకే సబ్జెక్టును ప్రధానంగా తీసుకునే సింగిల్‌ మేజర్‌ విధానం రావడంతో, మూడింటికీ సమాన స్థానమిచ్చే పాత పద్ధతి మారింది. ఏది మేజర్‌, ఏది మైనర్‌ అన్న నిర్ణయం ఇప్పుడు గతంలో కంటే బరువైనది. శుద్ధ గణితంలో పరిశోధన చేయదలచినవారు గణితాన్నే మేజర్‌గా తీసుకుని, రియల్‌ అనాలిసిస్‌, ఆధునిక బీజగణితాలను సిలబస్‌కు మించి చదవాలి. దత్తాంశ రంగంవైపు వెళ్లాలనుకునేవారికి గణాంకశాస్త్రాన్ని మేజర్‌గా సూచిస్తాను, ఎందుకంటే తరువాత సొంతంగా పూరించుకోవడానికి కంప్యూటర్ల కంటే సంభావ్యతా సిద్ధాంతమే కష్టం.

అపోహ: చివరికి బీఈడీ, లేకుంటే బ్యాంకు పరీక్షలు.

రెండూ గౌరవప్రదమైన దారులే. వాటితోపాటు ఐఐటీలలో ఎంఎస్‌సీకి నిర్వహించే జామ్‌లో గణితానికీ, గణిత గణాంకశాస్త్రానికీ వేర్వేరు పేపర్లున్నాయి. గేట్‌లో 2019 నుంచి స్టాటిస్టిక్స్‌, 2024 నుంచి డేటా సైన్స్‌, కృత్రిమ మేధ పేపర్లు వచ్చాయి, డిగ్రీ మూడో ఏడాది చదువుతున్నవారూ రాయవచ్చు. యూపీఎస్‌సీ నిర్వహించే ఇండియన్‌ స్టాటిస్టికల్‌ సర్వీస్‌ పరీక్షకు డిగ్రీలో గణాంకశాస్త్రం ఒక సబ్జెక్టుగా ఉండాలి, లేదా అందులో పీజీ ఉండాలి. గణితం మాత్రమే చదివినవారు ఆ నోటిఫికేషన్‌ చూసిన రోజున ఈ సంగతి తెలుసుకుని నా దగ్గరకు వస్తుంటారు. అప్పటికి వారికి మిగిలే మార్గం పీజీ ఒక్కటే.