ఊపు మీద రాసే కంటెంట్: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

బెజవాడలో కంటెంట్ రాసి బతుకుతున్నానంటే జనం మొదట అడిగేది ఎంతొస్తుందని. తర్వాత అడిగేది మూడ్ గురించి. చీరల షాపులకు ఆషాఢం రీల్స్, పచ్చళ్ల వాళ్లకు యూట్యూబ్ స్క్రిప్టులు, కోచింగ్ సెంటర్లకు పోస్టులు... నా చేతిలో ఉండే పని ఇది. ఇందులో కూడా ఊపు రావడం నిజమే. ఒక్కో రోజు వాక్యాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తాయి. వచ్చినదాన్ని ఎలా వాడుకోవాలన్న దగ్గరే మా లైన్‌లో రకరకాల నమ్మకాలున్నాయి.

అపోహ: మూడ్ ఉంటేనే రాయాలి. బలవంతంగా రాస్తే చప్పగా ఉంటుంది.

మూడ్ కోసం ఎదురుచూసేవాళ్లకే మూడ్ తక్కువగా వస్తుంది. రాబర్ట్ బాయిస్ అని అమెరికాలో ఒక సైకాలజిస్టు. రాత ముందుకు కదలని ప్రొఫెసర్లను మూడు గుంపులు చేసి ఆయన చేసిన పరిశోధన 1983లో అచ్చయింది. అత్యవసరమైతే తప్ప రాయొద్దన్నది ఒక గుంపుకి. బుద్ధి పుట్టినప్పుడే రాయమన్నది రెండో గుంపుకి. మూడోవాళ్లు మాత్రం టైము ప్రకారం కూర్చుని రాసి తీరాలి, ఎగ్గొడితే తమకు గిట్టని సంస్థకు సొంత డబ్బు చెక్కు రాసివ్వాలి. పేజీలు మూడో గుంపు ఎక్కువ రాసింది, అందులో వింతేం లేదు. కొత్త ఆలోచనలు ఎక్కువ వచ్చింది కూడా వాళ్లకే. చెక్కు సంగతి అటుంచితే, మాకు ఆ పని క్యాలెండరే చేస్తుంది. మనకు మూడ్ లేదని శ్రావణ మాసం ఆగదు, షాపు ఓనరూ ఆగడు.

అపోహ: ఊపులో రాసింది ఊపులోనే పోస్ట్ చేసెయ్యాలి. ఆరితే దోసెలాగా రుచి పోతుంది.

ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. ఊపు మనకిచ్చేది గొంతు. మొదటి వాక్యం, మాట విరుపు, నవ్వొచ్చే పోలిక ఇలాంటివి ఇస్తుంది. నిజానిజాలు చూసే పని దానిది కాదు. పైగా ఆ సమయంలో రాసిన ప్రతి వాక్యమూ నిజంలాగే వినిపిస్తుంది.

మా దగ్గర పనిచేసే కుర్రాడు ఒక పచ్చళ్ల వ్యాపారికి ఆవకాయ సీజన్ స్క్రిప్టు రాశాడు. కూర్చున్నవాడు లేవకుండా పూర్తి చేసి, "అన్నా, అదిరిపోయింది, రికార్డింగ్‌కి పంపేస్తా" అన్నాడు. చదివితే నిజంగానే బాగుంది. "ఎంత ఎరుపో అంత ఘాటు, అదీ గుంటూరు దెబ్బ" అని ఓపెనింగ్. మధ్యలో "ఘాటంతా గింజల్లోనే దాగుంది" అని ఇంకో చమక్కు. రెండూ తప్పే. మిరపకాయకి ఘాటునిచ్చేది క్యాప్సైసిన్, ఎరుపునిచ్చేది ప్రధానంగా క్యాప్సాంథిన్. ఒకటి ఎక్కువున్న కాయలో రెండోది ఎక్కువ ఉండాలనేం లేదు. ఇక ఆ క్యాప్సైసిన్ ఎక్కువగా ఉండేది గింజల్లో కాదు, గింజలు అంటుకుని ఉండే తెల్లటి ఈనెలో. ఏ కాయ దేనికన్నది గుంటూరు మిర్చి యార్డులో ఎవరినడిగినా చెబుతారు: మంటకి తేజ, రంగుకి బ్యాడిగి. ఆ స్క్రిప్టు అలాగే వెళ్లుంటే కింద కామెంట్లలో మిరప రైతులే పాఠం చెప్పేవాళ్లు.

"ఇవాళ ఆపు, రేపు పొద్దున్న చూద్దాం" అన్నాను. ముఖం మాడ్చుకున్నాడు. మర్నాడు కాయల సంగతి కనుక్కుని వచ్చాక ఓపెనింగ్ మారింది: "మీ ఆవకాయ ఎర్రగా ఉంది సరే, అది తేజ ఎరుపా, బ్యాడిగి ఎరుపా?" మొదటి రోజు వాక్యం కన్నా ఇదే పదునుగా ఉంది. నిన్నటి గొంతు ఎక్కడికీ పోలేదు, దానికి విషయం తోడయింది. ఆరితే రుచి పోతుందన్న మాట నేను నమ్మకపోవడానికి కారణం ఇదే. ఒక రాత్రి ఆరగానే చచ్చిపోయే వాక్యం మొదటి రోజు కూడా అంత గట్టిదేం కాదు.

అలాగని రాస్తూ రాస్తూ మధ్యలో గూగుల్ తెరవమని కాదు. అంతకంటే పాడు అలవాటు లేదు. ఏ సంవత్సరమో చూద్దామని ఫోన్ తీస్తాం, అరగంటకి ఎవరిదో పెళ్లి వీడియోలో తేలతాం. అంకె గానీ పేరు గానీ తెలియని చోట నేను "కకక" అని కొట్టి ముందుకి పోతాను. "బ్యారేజీ కట్టింది కకకలో" అన్నమాట. తెలుగులో ఏ మాటలోనూ ఆ మూడూ వరుసగా రావు కాబట్టి, తర్వాత డాక్యుమెంట్‌లో "కకక" అని వెతికితే ఖాళీలన్నీ వరుసగా దొరుకుతాయి. ప్రకాశం బ్యారేజీది 1957 అని అప్పుడు నింపుకోవచ్చు. ఊపు లేని రోజుల్లో చేయడానికి ఇంతకంటే మంచి పని లేదు. ఖాళీలు నింపడం, అక్షర దోషాలు, థంబ్‌నెయిల్ మాటలు, ట్యాగులు, వీటికి మూడ్ అక్కర్లేదు.

అపోహ: మంచి ఐడియా అయితే అదే గుర్తుంటుంది.

ఉండదు. గుర్తుండేది "ఏదో బాగా వచ్చింది" అన్న బాధ మాత్రమే. మూడు ముక్కల్లో రాసి పెట్టుకున్నా లాభం లేదు. "ఆషాఢం, చీర, బిల్లు" అని రాసుకుంటే వారం తర్వాత అది కిరాణా లిస్టులాగా కనిపిస్తుంది. వాక్యం మొత్తం పట్టుకోవాలి: "ఆషాఢంలో కొని శ్రావణంలో కడతాం కదా, ఈలోపు ఆయన బిల్లు మర్చిపోతారు." అది రాసుంటే చాలు, స్క్రిప్టు దాని వెనకే వస్తుంది.

నేను వాట్సాప్‌లో నాకు నేనే వాయిస్ మెసేజ్ పెట్టుకుంటాను. బెంజ్ సర్కిల్ దగ్గర బండి పక్కకి తీసి ఫోన్‌తో గొడవ పడుతున్నట్టు మాట్లాడుతుంటే చూసేవాళ్లు ఏమైనా అనుకోనీ. తెలుగు వాయిస్ టైపింగ్ ఇప్పుడు బాగానే పనిచేస్తోంది గానీ, వాక్యం ఎక్కడ ఆగిందో దానికి తెలీదు, ఊరి పేర్లనీ ఇంటిపేర్లనీ ఖూనీ చేస్తుంది. అందుకే ఆడియో చెరిపెయ్యను. మాట ఎక్కడ సాగదీశామో, ఎక్కడ నవ్వామో అందులోనే ఉంటుంది. వీడియో స్క్రిప్టుకి అదే కదా కావాల్సింది.

అపోహ: పెద్దపెద్ద రచయితలందరూ ఒక్క ఊపులోనే రాశారు.

ఈ మాట రాగానే మా ఊళ్లో ఎవరో ఒకరు విశ్వనాథ సత్యనారాయణ గారిని తీసుకొస్తారు. 1934లో ఆయన ఆశువుగా చెబుతుంటే తమ్ముడు వెంకటేశ్వర్లు గారు రాసుకున్నారనీ, అంత లావు "వేయిపడగలు" నవల 29 రోజుల్లో అయిపోయిందనీ చెబుతారు. అందులో చెప్పకుండా వదిలేసేవి రెండున్నాయి. ఒకటి, ఆ నవల ఆంధ్ర విశ్వకళా పరిషత్తు పోటీ కోసం రాసింది, అంటే గడువుంది. రెండు, అప్పటికి ఆయనకి నలభై ఏళ్లు దగ్గర పడుతున్నాయి, చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి గారి శిష్యరికం, ఏళ్ల తరబడి రాసిన పద్యం, గద్యం వెనకున్నాయి. అష్టావధానం చూసేవాళ్లకీ ఇదే భ్రమ. పద్యం గలగలా వచ్చేస్తుంటే చప్పట్లు కొడతాం. చిన్నప్పటి నుంచి నోటికి పట్టించిన వేల పద్యాలు సభలో కనపడవు కదా.

అపోహ: ఊపొచ్చిన రోజే నెలకి సరిపడా రాసి పెట్టుకుంటే హాయి.

చాలామంది ఇదే సలహా ఇస్తారు. నాకు పడలేదు. ఒకే రోజు రాసినవి ఒకే పోత పోసినట్టుంటాయి. నాలుగోదానికి వచ్చేసరికి ప్రతి స్క్రిప్టూ "మీకు తెలుసా?" అని మొదలవుతుంది. ఊపున్న రోజు నేను పూర్తి స్క్రిప్టులు కాకుండా ఓపెనింగులు, ముగింపులు, ఎవరో అన్నట్టుండే మాటలు రాసి, నెలల పేర్లతో ఉన్న ఫోల్డర్లలో వేస్తాను. కార్తీకంలో ఆవకాయ గురించి మంచి మాట తడితే అది ఏప్రిల్ ఫోల్డర్‌లోకి పోతుంది. అప్పటికి పచ్చళ్లావిడ ఫోన్ చేసి "ఏం బాబూ, ఈసారి కొత్తగా ఏమైనా ఉందా?" అంటే ఖాళీ పేజీతో మొదలుపెట్టక్కర్లేదు.

అపోహ: నది గట్టు, ఏకాంతం, ఫిల్టర్ కాఫీ కావాలి.

సాయంత్రం బ్యారేజీ మీద నిలబడి చూడండి. ఊపు కంటే ముందు హారన్లొస్తాయి. నడుస్తున్నప్పుడు ఐడియాలు తడతాయన్నది నిజమే, కాకపోతే దాని మీద అంతకు ముందు బుర్ర బద్దలు కొట్టుకున్నవాళ్లకి. ఏమీ చదవకుండా నడిస్తే కాళ్లకి మంచిది, అంతే.

అపోహ: గంటలో రాసేశాడు కాబట్టి గంట పని డబ్బులే ఇవ్వాలి.

ఇది క్లయింట్లది. పొద్దున్న ఆర్డరిచ్చి మధ్యాహ్నానికి స్క్రిప్టు చేతిలో పడితే, సాయంత్రానికి బేరం మొదలెడతారు. అందుకే రేటు స్క్రిప్టుకి మాట్లాడుకుంటాను, గంటలకి కాదు. డ్రాఫ్ట్ ఎంత త్వరగా అయినా చెప్పిన రోజునే పంపుతాను. మధ్యలో మిగిలిన రోజు ఊరికే పోదు, "కకక"లు నింపడానికే సరిపోతుంది. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లు ఉత్సాహం కొద్దీ రాత్రి పన్నెండింటికి "అయిపోయిందండీ" అని మెసేజ్ పెడుతుంటారు. పెట్టకండి. తర్వాతి స్క్రిప్టు కూడా రాత్రికి రాత్రే కావాలంటారు.