యాక్షన్-అడ్వెంచర్ గేమ్‌లలో పాత్ర రచన: అపోహలు - వాస్తవాలు

అపోహ: పాత్రను నమ్మించే భారం కట్‌సీన్లది (ఆట మధ్యలో వచ్చే, చూడటమే తప్ప ఆడలేని దృశ్యాలు), గేమ్‌ప్లే సరదాగా ఉంటే చాలు.

వాస్తవం: కట్‌సీన్ నడిచే కొద్ది నిమిషాలూ ఆడేవారు ప్రేక్షకులు మాత్రమే, ఆ తర్వాత గంటల తరబడి తమ చేతులతో ఏం చేయిస్తారో, వారి దృష్టిలో అదే ఆ పాత్ర స్వభావం. 2013లో వచ్చిన ‘టూంబ్ రైడర్’లో కథానాయిక లారా క్రాఫ్ట్ తొలిసారి ఒక మనిషిని చంపి తల్లడిల్లే ఘట్టాన్ని ఎంతో శ్రద్ధగా తీర్చిదిద్దారు. అయితే కాసేపటికే ఆమె చేతిలో శత్రువులు వరుసగా నేలకూలుతుంటే ఆ తల్లడింపు మనసులో నిలవదు. కథకూ ఆటకూ మధ్య వచ్చే ఇటువంటి వైరుధ్యానికి ‘లూడోనేరేటివ్ డిసొనెన్స్’ అనే పేరును 2007లో ‘బయోషాక్’ గేమ్‌ను విమర్శిస్తూ గేమ్ డిజైనర్ క్లింట్ హాకింగ్ పెట్టారు. నా దృష్టిలో లారా విషయంలో మార్చవలసింది సంభాషణలను కాదు, తర్వాతి పోరాటంలోని శత్రువుల సంఖ్యను. అందుకే లెవెల్ (ఆటలోని ఒక్కో దశ) రూపకల్పన మొదలైన రోజు నుంచే రచయిత డిజైనర్ల పక్కన కూర్చోవాలని నేను పట్టుబడతాను.

అపోహ: పాత్రకు లోతు రావాలంటే మాటలు ఎక్కువగా ఉండాలి.

వాస్తవం: 2001 నాటి ‘ఇకో’లో బాలుడికీ, యోర్డా అనే అమ్మాయికీ ఒకరి భాష మరొకరికి తెలియదు. ఒక బటన్ నొక్కి ఉంచినంతసేపే అతడు ఆమె చేయి పట్టుకుంటాడు, వేలు తీస్తే ఆ పట్టు విడిపోతుంది. వారి అనుబంధమంతా ఆ వేలి ఒత్తిడిలోనే ఉంది.

‘బ్రదర్స్: ఎ టేల్ ఆఫ్ టూ సన్స్’ (2013) ఇంకా ముందుకు వెళ్లింది. (ముగింపు ముందే తెలియకూడదనుకునేవారు ఈ పేరాను వదిలేయవచ్చు.) అందులోని మాటలన్నీ కల్పిత భాషలోనివే. కంట్రోలర్‌లో ఎడమవైపు మీటలు అన్నను, కుడివైపువి తమ్ముడిని నడిపిస్తాయి. తల్లి నీటమునిగి చనిపోవడంతో నీళ్లంటే భయపడే తమ్ముడు, అన్న వీపు పట్టుకునే నదులు దాటుతాడు. అన్న మరణించాక ఒంటరిగా నది ఒడ్డున నిలిచినప్పుడు, అప్పటికి నిరుపయోగమైపోయిన అన్న బటన్‌ను నొక్కితేనే తమ్ముడు ఈదగలుగుతాడు. ఆ ధైర్యం ఎవరిచ్చారో చెప్పడానికి ఒక్క మాట కూడా అవసరం రాలేదు.

అపోహ: సంభాషణ పెడితే ఆట వేగం తగ్గుతుంది.

వాస్తవం: ఆపి వినమంటేనే తగ్గుతుంది. 2018 నాటి ‘గాడ్ ఆఫ్ వార్’లో పడవ ప్రయాణంలో మిమిర్ అనే సహచర పాత్ర కథలు చెబుతాడు, పడవను ఒడ్డుకు చేరిస్తే కథ ఆగుతుంది, తిరిగి ఎక్కితే ఆగిన చోటి నుంచి సాగుతుంది. ఇందుకోసం మాట తెగడానికి వీలున్న ప్రతి చోటా ఆపే వాక్యాన్నీ, మళ్లీ అందుకునే వాక్యాన్నీ రచయిత ముందుగానే రాసిపెట్టుకోవాలి.