ఒక్కడే తిరిగి చూసే పేరు: జన్యువుకి స్విచ్ పెట్టిన కథ

అమ్మకి జ్వరం ఎంతకీ తగ్గకపోతే, చంక దగ్గర కాలినట్టున్న నల్ల మచ్చ చూసి డాక్టరు గారు స్క్రబ్ టైఫస్ అయ్యుంటుందని డాక్సీసైక్లిన్ రాశారు. శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్ దగ్గర స్ట్రిప్ కొని ఇంటికి తెస్తే, సెలవులకి వచ్చిన మా మేనకోడలు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "మావయ్యా, మా ల్యాబ్‌లో ఎలుకల నీళ్లలో కలిపేది ఇదే" అంది. మంచం మీంచే అమ్మ, "ఏటే, ఆ ఎలకలకీ జొరమొచ్చిందేటి?"

జ్వరం కాదు. మందు చేదని పంచదార వేస్తారట, వెలుతురుకి పాడవుతుందని సీసాకి ఫాయిల్ చుడతారట. ఆ నీళ్లు తాగితే ఎలుకలో వీళ్లు ముందే ఎక్కించిన ఒక జన్యువు పనిచేయడం మొదలుపెడుతుంది, మామూలు నీళ్లు పెడితే కొన్నాళ్లకి ఆగిపోతుంది.

ఈ స్విచ్ ఎందుకంటే, మాత్ర పడకపోతే రేపట్నుంచి మానేస్తాం, కానీ జన్యు చికిత్సలో కణంలోకి ఎక్కించిన జన్యువుని మానేయడం కుదరదు. ఎక్కువైతే తగ్గించాలి, అవసరం తీరాక ఆపాలి. శరీరం ఈ పని హార్మోన్లతో చేసుకుంటూనే ఉంది. ఈస్ట్రోజెన్ లాంటి చిన్న అణువు కణంలోకి వచ్చి రిసెప్టర్ అనే ప్రొటీన్‌కి అంటుకుంటుంది, ఆ రిసెప్టర్ డీఎన్ఏ మీద తన చోటు పట్టుకుని జన్యువుని నడిపిస్తుంది. మరి అదే వాడుకోవచ్చుగా అంటే, విజయనగరం గంటస్తంభం దగ్గర నిలబడి "పైడిరాజూ" అని కేకేయండి, ఎంతమంది తిరిగి చూస్తారో. ఈస్ట్రోజెన్ ఇచ్చినా అంతే, దాన్ని వినే కణాలన్నీ కదులుతాయి. మనకి కావాల్సింది ఆ ఊళ్లో ఇంకెవరికీ లేని పేరు. నన్నడిగితే ఈ రంగం చరిత్రంతా ఆ పేరు కోసం వెతుకులాటే.

మొదట బాక్టీరియాని అడిగారు. చక్కెర అందినప్పుడే జన్యువుని తెరిచే ఏర్పాటు బాక్టీరియాలో ఉందని 1961లో జాకబ్, మోనో వివరించారు, 1965లో నోబెల్ వచ్చింది. ఇక టెట్రాసైక్లిన్ సంగతి, అమ్మకి రాసిన డాక్సీసైక్లిన్ ఈ కుటుంబానిదే. ఈ మందు తన మీద పడితే బయటికి తోడిపోయడానికి కొన్ని బాక్టీరియాలకి ఒక పంపు ఉంటుంది. ఊరికే నడపడం దండగ కాబట్టి, మందు లేనప్పుడు ఒక ప్రొటీన్ ఆ పంపు జన్యువు మీద కూర్చుని మూసి ఉంచుతుంది, మందు అణువు అంటుకోగానే లేచిపోతుంది. 1992లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో గాసెన్, బుయార్డ్ ఆ ప్రొటీన్‌కి హెర్పిస్ వైరస్ నుంచి తీసిన, జన్యువుని గట్టిగా నడిపే ముక్క ఒకటి అతికించారు. అది జంతుకణాల్లో పనిచేసింది, కాకపోతే తిరగేసి: మందు ఇస్తే జన్యువు ఆగుతుంది. 1995లో ఆ ప్రొటీన్‌లో నాలుగు అమైనో ఆమ్లాలు (ప్రొటీన్‌ని కట్టే ఇటుకలు) మార్చిన రకంతో మందు ఇస్తేనే వెలిగే స్విచ్ వచ్చింది. మేనకోడలి సీసాలో ఉన్నది దాని వారసుడే.

అన్నట్టు ఈ మందుల కుటుంబంలో మొదటిది ఆరియోమైసిన్. మట్టిలోని సూక్ష్మజీవి నుంచి బెంజమిన్ డగ్గర్ పట్టుకున్నాడు, 1948లో బయటికొచ్చింది, అప్పుడు డగ్గర్ పనిచేసిన లెడర్లీ అనే అమెరికా మందుల కంపెనీ ల్యాబ్‌లో పరిశోధన డైరెక్టరు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

చిక్కేమిటంటే ఆ ప్రొటీన్ బాక్టీరియాది, కోతులకి ఎక్కిస్తే వాటి రోగనిరోధక వ్యవస్థ పరాయిదని పట్టేసింది. సరే, మన సొంత రిసెప్టర్‌నే మార్చుకుందాం అనే దారి పక్కనే నడుస్తోంది. 1987లో ఫ్రాన్స్‌లో షాంబో బృందం ఈస్ట్రోజెన్ రిసెప్టర్‌లో డీఎన్ఏని పట్టుకునే భాగం తీసేసి వేరే రిసెప్టర్‌ది పెడితే, ఈస్ట్రోజెన్ ఇచ్చినప్పుడు ఆ రెండో రిసెప్టర్ నడిపే జన్యువు నడిచింది. అంటే వినే చెవి వేరు, పనిచేసే చెయ్యి వేరు, విడదీసి అతికించుకోవచ్చు. 1993లో ఎలుక రిసెప్టర్ చెవిలో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారిస్తే ఒంట్లోని ఈస్ట్రోజెన్ దానికి వినపడలేదు, రొమ్ము క్యాన్సర్ మందు టామాక్సిఫెన్ నుంచి వచ్చే అణువు మాత్రం వినపడింది. ఇవాళ ఎలుకల ల్యాబుల్లో ఈ తరహా మారిన చెవులు మామూలైపోయాయి.

నాకు బాగా నచ్చేది మాత్రం పురుగుల కథ. పురుగు కుబుసం విడవాలంటే ఎక్డైసోన్ అనే హార్మోన్ కావాలి. 1954లో బుటెనాంట్, కార్ల్‌సన్ 500 కిలోల పట్టుపురుగు ప్యూపాల నుంచి దాన్ని 25 మిల్లీగ్రాములు తీశారు! ఆ రిసెప్టర్ మనుషుల్లో లేదు, అంటే ఊళ్లో లేని పేరు దొరికినట్టే. 1996లో రాన్ ఎవాన్స్ ల్యాబ్ దాన్ని క్షీరదాల కణాల్లో స్విచ్‌గా నడిపింది. ఈలోగా పురుగుమందుల వాళ్లు ఆ రిసెప్టర్‌నే కదిపే కృత్రిమ అణువులు తయారుచేశారు. చేలో కొట్టే మెథాక్సీఫెనోజైడ్ ఆ జాతిదే, అది తిన్న గొంగళిపురుగు వేళ కాని వేళ కుబుసం విడవబోయి, మేత మానేసి చస్తుంది. ఆ అణువులకి దాయాది వెలెడిమెక్స్. మెదడు గడ్డ ఉన్న 31 మందిలో, గడ్డ ఆపరేషన్ చేసిన చోట రోగనిరోధక వ్యవస్థని రెచ్చగొట్టే ఇంటర్‌ల్యూకిన్-12 అనే ప్రొటీన్ జన్యువు ఎక్కించి, వెలెడిమెక్స్ నోటి ద్వారా ఇచ్చి ఆ జన్యువుని నడిపిన మొదటి దశ ట్రయల్ ఫలితాలు 2019లో వచ్చాయి. డోసు పెరిగితే దుష్ప్రభావాలు పెరిగాయి, మందు ఆపగానే తగ్గాయి. రోగం నయమైపోయిందని కాదు, స్విచ్ మనిషిలో స్విచ్‌లా పనిచేసిందని.

ఎవరికీ లేని పేరు అనుకున్నవి కూడా ఒక్కోసారి బోల్తా కొట్టిస్తాయి. మెదడు కణాల కోసం 2007లో మారిన రిసెప్టర్లు, వాటికి సీఎన్ఓ అనే అణువు వచ్చాయి, అది ఇంకెక్కడా ఏమీ చేయదనుకున్నారు. 2017లో తేలిందేమిటంటే ఒంట్లోకి వెళ్లాక అది క్లోజపిన్‌గా మారుతోంది, అసలు పని చేసేది అదే. క్లోజపిన్ అంటే స్కిజోఫ్రీనియాకి వాడే మందు, మామూలు రిసెప్టర్లు బోలెడు దానికి పలుకుతాయి. డాక్సీ మీదా అనుమానాలున్నాయి, కణాలకి శక్తినిచ్చే మైటోకాండ్రియా పనిని అది కొంత కుంటుపరుస్తుందని 2015లో చూపించారు. అందుకే మా మేనకోడలు వాళ్లు ఏ జన్యువూ ఎక్కించని ఎలుకల బోనుకి కూడా అదే పంచదార నీళ్లు, అదే డాక్సీ, ఫాయిల్ చుట్టిన అదే సీసా తగిలిస్తారట, కనపడిన మార్పు జన్యువుదా మందుదా తేల్చుకోడానికి.