మూడు గంటలు సరే, ఏ మంటలో?

నెల్లూరు పొగతోటలో ఒక ఆస్పత్రికి నిప్పంటుకుందనుకోండి. ముందు మెయిన్ తీసేస్తారు. కానీ అలారం మోగాలి, మెట్ల మీద ఎమర్జెన్సీ లైట్లు వెలగాలి, ఫైర్ పంపు తిరగాలి. వీటి కేబుల్ ఆ మంటల్లోంచే పోవాలి. కొట్లో అడిగితే "ఎఫ్ఆర్ వైరే సార్, నిప్పుకేం కాదు" అంటారు. ఎఫ్ఆర్ అంటే తనకంటుకున్న మంటను పాకనివ్వదు, ఎఫ్ఆర్ఎల్ఎస్ అయితే పొగ కూడా తక్కువ. అంతవరకే. లోపలి ప్లాస్టిక్ కరిగి రాగి రాగికి తగిలితే షార్టే. నిప్పులోనూ పనిచేసేది ఫైర్ సర్వైవల్ కేబుల్. "మూడు గంటలు మంటలో ఆగుతుంది" అని చెప్పేది దీని గురించే. మన దేశంలో దానికి ఐఎస్ 17505 అని వేరే ప్రమాణమే ఉంది.

ఆ కేబుళ్లలో చాలావాటికి రాగి చుట్టూ మైకా టేపు చుడతారు. సైదాపురం, గూడూరు వైపు గనుల్లో దొరికే కాకిబంగారమే. పైన ప్లాస్టిక్ బూడిదైపోయినా ఇది కాలదు, కరెంటును దాటనివ్వదు. కాకపోతే మనవైపు దొరికేది మస్కొవైట్ రకం. 600 డిగ్రీలు దాటేకొద్దీ దాని స్ఫటికంలో ఇమిడిన నీరు ఆవిరై పొరలు ఉబ్బుతాయి. ఫ్లోగోపైట్ రకం అంతకన్నా ఎక్కువ వేడికి ఆగుతుంది. కాబట్టి పరీక్షలో మంట ఎంత వేడిగా ఉందో అడగాల్సిందే.

అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60331 పాత పద్ధతిలో మంట 750 డిగ్రీలు, 90 నిమిషాలు. కేబుల్‌ను ఎవరూ కదపరు, నీళ్లు పడవు. తర్వాతి భాగాల్లో 830కి పెంచి, కాలుతున్న కేబుల్ అదిరేలా కొట్టే దెబ్బలు కూడా చేర్చారు. బ్రిటన్ ప్రమాణం బీఎస్ 6387లో 'సి' అంటే 950 డిగ్రీల్లో 3 గంటలు. 'డబ్ల్యూ' అంటే 650 డిగ్రీల్లో 15 నిమిషాలు మంట, మరో 15 నిమిషాలు మంటతోపాటు నీళ్లు. 'జెడ్' అంటే 950 డిగ్రీల్లో 15 నిమిషాలపాటు 30 సెకన్లకొక దెబ్బ. సీడబ్ల్యూజెడ్ అని కేబుల్ మీద అచ్చేస్తే ఘనంగానే ఉంటుంది. కానీ ఆ మూడు పరీక్షలూ మూడు వేర్వేరు ముక్కల మీద! నిజంగా నిప్పంటుకున్నచోట స్లాబు పెచ్చులు ఊడిపడేదీ, ఫైరింజన్ నీళ్లు కొట్టేదీ అప్పటికే కాలుతున్న ఆ ఒక్క కేబుల్ మీదే కదా. నాకు బీఎస్ 8491 నచ్చేది ఇందుకే. లావు కేబుళ్లకు పెట్టిన ఆ పరీక్షలో ఒకే ముక్క 842 డిగ్రీల మంటనూ, దెబ్బలనూ, చివర్లో నీటిధారనూ భరించాలి.

ఆస్ట్రేలియా ఏఎస్/ఎన్‌జెడ్ఎస్ 3013లో బర్నర్ ఉండదు, కొలిమే. 2 గంటలకు వేడి సుమారు 1,050 డిగ్రీలకు చేరుతుంది. రాగి కరిగేది 1,085 దగ్గర! జర్మనీ డీఐఎన్ 4102-12 అయితే కేబుల్‌ను మోసే ట్రేలు, క్లాంపులతో సహా కొలిమిలో పెడుతుంది. మనవాళ్లు ప్లాస్టిక్ టైలతో కట్టేస్తుంటారు. అవి 300 డిగ్రీలు కూడా చూడవు. అల్యూమినియమే 660కి కరిగిపోతుంది.

లెక్కల్లో తరచూ మరిచేది ఇంకోటుంది. 1,000 డిగ్రీల దగ్గర రాగి నిరోధం మామూలు కంటే సుమారు అయిదు రెట్లు. కేబుల్ తెగకపోయినా పంపు మోటారుకు వోల్టేజి చాలక అది స్టార్టే కాకపోవచ్చు. కేబుల్ సైజు ఆ వేడికి లెక్కకట్టి తీసుకోవాలి, మామూలు రోజు లోడుకు కాదు.