గడియ పడిందో లేదోనన్న భయం

తండ్రిగారు పోయిన కొద్ది నెలలకు ఒక పాఠకురాలు రాసిన ఉత్తరంలోని ఒక వాక్యం నన్ను చాలా రోజులు వదలలేదు: "నాకు చావంటే భయం లేదండీ, కానీ వీధి తలుపు గడియ పడిందో లేదోనని రాత్రి ఐదారుసార్లు లేచి చూసుకుంటున్నాను." ఒక్క ఉత్తరాన్ని బట్టి ఎవరి మనసుకూ జబ్బు పేరు తగిలించకూడదు. కానీ ఆమె చెప్పిన ఆ రెండు సంగతుల మధ్య సంబంధం ఉండవచ్చునా అన్న ప్రశ్న అస్తిత్వ మనోచికిత్సకు ఆయువుపట్టు.

ఈ చికిత్సకు 1980లో సమగ్ర గ్రంథరూపం ఇచ్చిన అమెరికన్ మనోవైద్యుడు ఇర్విన్ యాలమ్ మరణం, స్వేచ్ఛ, ఏకాకితనం, అర్థరాహిత్యం అనే నాలుగింటిని మనిషికి తప్పని మూలచింతలుగా లెక్కించాడు. ఈ వ్యాసం మొదటిదాని గురించే.

మనం మాటల్లో కలిపేసే భయాన్నీ ఆందోళననూ ఇక్కడ విడదీయాలి. భయానికి ఒక వస్తువు ఉంటుంది, ఆందోళనకు ఉండదు అన్నది 1844లో డెన్మార్క్ తత్త్వవేత్త కీర్కెగార్డ్ చూపిన తేడా. పాము ఎదురైతే పారిపోవచ్చు, కర్ర అందుకోవచ్చు. ‘నేను లేకపోవడం’ అన్నదాని నుంచి ఎటు పారిపోతాం? అందుచేత మనసు ఆ రూపంలేని ఆందోళనకు చేతికందే రూపాన్నొకదాన్ని వెతికిపెట్టి, దాన్ని భయంగా మార్చుకుంటుంది. గడియను చేత్తో తోసి చూడవచ్చు, పడిందని రూఢి చేసుకోవచ్చు. అయినా పది నిమిషాలకు మళ్ళీ లేవవలసి వస్తోందంటే, తీరిన అనుమానం గడియ గురించినదే తప్ప అసలు ఆందోళన తీరలేదన్నమాట. గుండె కాస్త దడదడలాడగానే బీపీ మిషన్ ముందు కూర్చోవడంలోనూ, బిడ్డ ఫోన్ ఎత్తకపోతే నిమిషానికొకసారి చేయడంలోనూ ఇదే మార్పిడి జరుగుతూ ఉండవచ్చు. 1970లో మనస్తత్వవేత్త డొనాల్డ్ టెంప్లర్ మరణాందోళనను కొలవడానికి తయారుచేసిన 15 వాక్యాల ప్రశ్నావళిలో సైతం గుండెపోటు, క్యాన్సర్, మూడో ప్రపంచయుద్ధం, పరుగెత్తిపోయే కాలం కనిపిస్తాయి.

అశుభాన్ని నేరుగా పలకకుండా తప్పుకునే జాగ్రత్త మన వాడుకలోనూ ఉంది. దీపం ఆరిందనకుండా కొండెక్కిందంటాం, బియ్యం అయిపోతే నిండుకున్నాయంటాం. ఈ మాటలు అందమైనవి, వాటితో నాకు పేచీ లేదు. తథాస్తు దేవతలు వింటారని పిల్లల నోరు మూయించడంతోనే నా పేచీ. "తాతయ్య నిద్రపోయాడు" అని చెబితే ఆ బిడ్డ నిద్రకే జడిసే ప్రమాదం ఉంది. రూపంలేని ఆందోళనకు పెద్దవాళ్ళే ఒక రూపం తొడిగినట్టవుతుంది. "చనిపోయాడు, ఇక రాడు" అని దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పడమే మేలు.

మరణాందోళన నుంచి తప్పించుకోవడానికి మనసు కల్పించుకునే రెండు ప్రధాన రక్షణలను యాలమ్ గుర్తించాడు. అందరూ పోతారు గానీ ఆ నియమం నాకు వర్తించదని లోలోపల నమ్మడం విశిష్టతా భావన. చివరి క్షణంలో ఎవరో వచ్చి అడ్డుపడతారని నమ్మడం పరమరక్షకుడి భావన. ఆ రక్షకుడు దేవుడు కావచ్చు, డాక్టరు కావచ్చు, తండ్రి కావచ్చు. తండ్రే పోయినప్పుడు దుఃఖంతోపాటు ఆ కాపలా కూడా పోతుంది.

మరణాందోళనను ప్రయోగశాలకు తెచ్చినవారు 1980లలో భీతి నిర్వహణ సిద్ధాంతాన్ని ప్రతిపాదించిన మనస్తత్వవేత్తలు గ్రీన్‌బర్గ్, పిజిన్‌స్కీ, సాలమన్. మరణస్మృతి కలిగితే, అంటే తన చావు గుర్తుకు వస్తే, మనిషి తన సంస్కృతి విలువలను మరింత గట్టిగా పట్టుకుంటాడని వారి పరికల్పన. 1989లో ప్రచురితమైన ప్రయోగంలో అమెరికాలోని 22 మంది మునిసిపల్ జడ్జిలకు ఒక కల్పిత వేశ్యావృత్తి కేసును ఇవ్వగా, ముందుగా తమ చావు గురించి రాసినవారు సగటున 455 డాలర్ల బెయిల్ పూచీ విధించారు, రాయనివారు 50 డాలర్లు విధించారు. కానీ 2022లో వెలువడిన, 21 ప్రయోగశాలల్లో రెండు వేలకు పైగా మందితో చేసిన పునఃపరీక్షలో మరణస్మృతి ప్రభావం కనిపించలేదు. చికిత్సాగదిలోని అనుభవాలను దీనివల్ల కొట్టిపారేయనక్కరలేదు గానీ, ఆ 455 సంఖ్యను తిరుగులేని రుజువుగా చెప్పుకోవడం మానాలి.

చికిత్సాగదిలో యాలమ్ అడిగే ప్రశ్న సూటిగా ఉంటుంది: "చావులో మిమ్మల్ని సరిగ్గా ఏది భయపెడుతోంది?" నొప్పి అని ఒకరంటారు, పిల్లలు ఏమవుతారోనని ఒకరు, చేయకుండా మిగిలిపోయిన పనులని మరొకరు. నొప్పికి ఉపశమన వైద్యం ఉంది, పిల్లల కోసం వీలునామా రాయవచ్చు, మిగిలిన పనుల్లో ఒకటి ఈ వారమే మొదలుపెట్టవచ్చు. ఇవన్నీ తీసివేశాక కూడా లేకుండా పోవడమనే ఆందోళన కొంత మిగులుతుంది. దానికి వేరే పేరు పెట్టకుండా, ఆ మనిషి పక్కన కూర్చుని వినడం చికిత్సకుడి పని.