సీసం చెప్పే చరిత్ర

విశ్వం పుట్టుక, భూమి ఏర్పడిన తీరు, జీవపరిణామం, మానవ నాగరికత అన్నిటినీ ఒకే చరిత్రగా చదివే పద్ధతికి ‘బిగ్ హిస్టరీ’ అని పేరు. ఆస్ట్రేలియాలోని మాక్వారీ విశ్వవిద్యాలయంలో చరిత్రకారుడు డేవిడ్ క్రిస్టియన్ 1989లో ఈ విధానంలో ఒక కోర్సు మొదలుపెట్టారు. అయితే 1380 కోట్ల సంవత్సరాల కథలో ఒక్కో శాస్త్రం తన అధ్యాయం చెప్పి తప్పుకుంటే, మిగిలేవి వరుసగా పేర్చిన సారాంశాలే. ఒక శాస్త్రం లేవనెత్తిన ప్రశ్నకు మరో శాస్త్రం జవాబు చెప్పవలసి వచ్చిన చోటే ఈ అధ్యయనానికి అసలు బలం ఉందని నా నమ్మకం. అందుకు సీసం ఒక్కటే చాలినంత సాక్ష్యం.

పంతొమ్మిదో శతాబ్దిలో భూమి వయసు మీద పెద్ద వివాదం నడిచింది. కరిగిన ముద్దగా మొదలైన భూమి ఇప్పటి స్థితికి చల్లారడానికి పట్టే కాలాన్ని లెక్కగట్టిన భౌతిక శాస్త్రవేత్త కెల్విన్, మొదట అది 2 కోట్ల నుంచి 40 కోట్ల సంవత్సరాల మధ్య ఉంటుందన్నారు. పోనుపోను దాన్ని 4 కోట్ల లోపుకు కుదించారు. రాతిపొరల మందాన్ని కళ్లారా చూసిన భూగర్భ శాస్త్రజ్ఞులకూ, పరిణామానికి సుదీర్ఘకాలం కావాలన్న డార్విన్‌కూ ఆ వ్యవధి బొత్తిగా చాలలేదు. భూమి లోపలి పదార్థం మెల్లగా కదులుతూ వేడిని పైకి మోసుకొస్తుందన్న సంగతి కెల్విన్ లెక్కలో లేదు. కొన్ని మూలకాల పరమాణువులు వాటంతటవే విచ్ఛిన్నమై వేరే మూలకాలుగా మారే రేడియోధార్మికతను 1896లో శాస్త్రవేత్త బెకరెల్ కనుగొన్నాక భూమి వేడికి మరో మూలం తెలియడమే కాక, కాలాన్ని కొలిచే సాధనం కూడా దొరికింది.

యురేనియం-238 పరమాణువులలో సగం అంచెలంచెలుగా సీసంగా మారడానికి సుమారు 447 కోట్ల సంవత్సరాలు పడుతుంది. ఆ యురేనియం భూమి మీద పుట్టినది కాదు. న్యూట్రాన్ తారలు (పెద్ద నక్షత్రాలు పేలిపోయాక మిగిలే అతిసాంద్రమైన గుండెలు) ఢీకొన్నప్పుడు బరువైన మూలకాలు తయారవుతాయనడానికి 2017లో గమనించిన అలాంటి రెండు తారల విలీనం ఆధారమిచ్చింది. ఇసుక రేణువంత ఉండే జిర్కాన్ అనే ఖనిజపు స్ఫటికం, తాను గట్టిపడే వేళ యురేనియాన్ని తనలోకి రానిస్తుంది, సీసాన్ని దాదాపుగా రానివ్వదు. కాబట్టి ఈనాడు అందులో కనిపించే సీసం దాదాపు అంతా అక్కడే యురేనియం నుంచి పుట్టినదన్నమాట; మిగిలిన యురేనియంతో దాన్ని పోల్చి స్ఫటికం వయసు లెక్కగడతారు. పశ్చిమ ఆస్ట్రేలియాలోని జాక్ హిల్స్‌లో దొరికిన ఒక జిర్కాన్ వయసు సుమారు 440 కోట్ల సంవత్సరాలు. చైనాలోని మెయిషాన్‌లో అగ్నిపర్వతపు బూడిద పొరల్లోని జిర్కాన్‌లు పెర్మియన్ అనే భూయుగం చివర జీవజాతుల్లో అత్యధికం అంతరించిన మహావినాశనం సుమారు 25.2 కోట్ల సంవత్సరాల కిందట జరిగిందనీ, సైబీరియాలో లావా వెల్లువెత్తిన కాలంతో అది కలుస్తుందనీ చూపాయి. ఏ జీవులు నశించాయో శిలాజాలు చెబుతాయి. కారణం వెతకాలంటే ఇలాంటి తేదీలు కావాలి.

అమెరికా భూరసాయన శాస్త్రవేత్త క్లెయిర్ పాటర్సన్ భూమితో పాటే ఏర్పడిన ఉల్కల్లోని సీసాన్ని కొలిచి, 1956లో భూమి వయసు 455 కోట్ల సంవత్సరాలని ప్రకటించారు. ఆ పనిలో ఆయనను అడుగడుగునా వేధించినది బయటి నుంచి ప్రయోగశాలలోకి చేరే సీసమే. దాన్ని అడ్డుకోవడానికి ఆయన అతిశుభ్రమైన గదిని ఏర్పాటు చేసుకున్నారు; అది ఎక్కడి నుంచి వస్తోందో ఆరా తీస్తూ సముద్రజలాలనూ ధ్రువప్రాంతపు మంచునూ పరీక్షించారు. అప్పట్లో పెట్రోలులో కలిపిన సీసం ఎంత దూరం వ్యాపించిందో అలా లోకానికి తెలిసింది. భూమి వయసు కోసం మొదలైన వెతుకులాట మనిషి ఊపిరి దాకా రావడం నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే.

గ్రీన్‌లాండ్ మంచులో రోమన్ సామ్రాజ్య కాలపు సీసం కూడా ఉంది. వెండి కోసం ఖనిజాన్ని కరిగించినప్పుడు వెలువడిన సీసమది. 2018లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, క్రీ.శ. 165 ప్రాంతంలో రోమన్ సామ్రాజ్యంలో మొదలైన ఆంటొనైన్ మహమ్మారి కాలంలో దాని మోతాదు బాగా పడిపోయింది. పొగ ఎప్పుడు తగ్గిందో మంచు చెబుతుంది గాని గనుల్లో పని ఎందుకు ఆగిందో, ఆ దెబ్బ ఎవరి మీద పడిందో చెప్పదు. విశ్వం నుంచి నగరం దాకా అంతటినీ ‘పెరుగుతున్న సంక్లిష్టత’ అనే ఒకే సూత్రంతో వివరించాలనే ధోరణి నాకు రుచించకపోవడానికి కారణం ఇదే. ఆ ప్రశ్నలకు జవాబు కావాలంటే నాణేలనూ శాసనాలనూ చదవగల చరిత్రకారుడు మంచు పొరలను చదివే రసాయన శాస్త్రవేత్త పక్కన కూర్చోవలసిందే.