యూరప్ కారు ప్రయాణంలో బస: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్ నుంచి వెళ్లే కుటుంబాలకు యూరప్‌లో కారు ప్రయాణాలు సిద్ధం చేసిపెట్టడం నా వృత్తి. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ గురించీ, కుడివైపు నడపడం గురించీ అడిగేవారు కొందరే. రాత్రి బస విషయంలో మాత్రం దాదాపు అందరూ ఏదో ఒక అపోహతోనే వస్తారు.

అపోహ: ముచ్చటైన బస కావాలంటే ఎక్కువ స్టార్ల హోటల్‌కే వెళ్లాలి.

వాస్తవం: ఫ్రాన్స్‌లో హోటళ్లకిచ్చే స్టార్లు గది వైశాల్యాన్నీ, సౌకర్యాలనూ, సేవలనూ కొలుస్తాయి; కిటికీ తెరిస్తే ద్రాక్షతోట కనిపిస్తుందా, పక్క భవనం గోడ కనిపిస్తుందా అన్నది వాటి లెక్కలోకి రాదు. అక్కడి పల్లెల్లో ‘షాంబ్ర్ దోత్’ అనే పద్ధతి ఉంది. ఇంటివారు తమ ఇంట్లోనే అతిథులకు గదులిచ్చి, తామే ఎదురొచ్చి పలకరిస్తారు. చట్టప్రకారం ఇవి 5 గదులకూ, 15 మందికీ మించకూడదు. దుప్పట్లు, ఉదయపు అల్పాహారం అద్దెలోనే కలిసి ఉంటాయి. బర్గండీలో నేను దిగిన ఒక ఇంట్లో కాఫీని కప్పులో కాక, మనం పెరుగు తోడుపెట్టే గిన్నెంత పింగాణీ గిన్నెలో పోసి ఇచ్చారు. పక్కనే ఇంట్లో చేసిన ఆప్రికాట్ జామ్, ఇంకా వేడి తగ్గని రొట్టె. ఆ ప్రయాణంలో మేము అతి తక్కువ అద్దె చెల్లించింది ఆ గదికే.

అపోహ: ఊరి నడిబొడ్డున దిగితేనే అన్నీ దగ్గరగా ఉంటాయి.

వాస్తవం: రైల్లో వెళ్లేవారికి ఇది నిజమే. కారున్నవారికి మాత్రం నడిబొడ్డు ఖర్చుతో కూడిన తలనొప్పి. ఇటలీలో ఫ్లోరెన్స్, సియెనా వంటి పాత నగరాల మధ్యభాగం ‘జెడ్‌టీఎల్’ పరిధిలో, అంటే అనుమతి ఉన్న వాహనాలనే రానిచ్చే ప్రాంతంలో ఉంటుంది. అనుమతి లేని కారు ఆ గీత దాటితే కెమెరా నంబరు పట్టేస్తుంది. ఈ వృత్తిలోకి వచ్చిన కొత్తలో నేనే ఫ్లోరెన్స్‌లో జీపీఎస్ చెప్పిన సందులోకి అమాయకంగా తిరిగాను. ముందు అద్దె కారు సంస్థ నా వివరాలు పోలీసులకిచ్చినందుకు కార్డు నుంచి రుసుము కోసుకుంది, కొన్ని నెలల తర్వాత అసలు జరిమానా తపాలాలో మా ఇంటికొచ్చింది. హోటల్ ఆ పరిధిలోనే ఉంటే, మన కారు నంబరు నమోదు చేయిస్తారా అని బుకింగ్‌కు ముందే రాసి అడగాలి. అంతకంటే మేలైన దారి, ఊరికి పది, పదిహేను కిలోమీటర్ల అవతల ‘అగ్రితురిస్మో’లో దిగడం. ఇది నిజంగా సేద్యం సాగుతున్న పొలంలోని బస. వ్యవసాయమే ప్రధాన వృత్తిగా ఉండాలని ఇటలీ చట్టమే చెబుతుంది. కారు నిలపడానికి చోటు కూడా సాధారణంగా అక్కడే దొరుకుతుంది.

అపోహ: దారిలో నచ్చినచోట ఆగి, బేరమాడి గది తీసుకోవచ్చు.

వాస్తవం: యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంజెన్ వీసా దరఖాస్తుకే బస ఆధారాలు జతచేయాలి కాబట్టి, రద్దు చేసుకునే వీలున్న బుకింగులు ముందే ఉండాలి. పల్లె ఇళ్లలో రాత్రంతా మేలుకొని ఉండే రిసెప్షన్ ఉండదన్నది కూడా మరిచిపోకూడదు. ఆలస్యమయ్యేలా ఉంటే ఇంటివారికి ఫోన్ చేయడం కనీస మర్యాద.

అపోహ: శాకాహారులకు పల్లెల్లో పస్తే.

వాస్తవం: ‘వెజిటేరియన్’ అన్న ఒక్క మాట చాలదు. చేప తింటారనుకునేవారూ ఉన్నారు, సలాడ్‌లో పంది మాంసపు ముక్కలు చల్లేవారూ ఉన్నారు. మాంసం, చేప రెండూ తినమనీ, గుడ్డు, పాలు తింటామో లేదో కూడా బుకింగ్ రోజే రాస్తే చాలామంది శ్రద్ధగా వండిపెడతారు.

రైస్ కుక్కర్ లేనిదే కదలని కుటుంబాలకు నేను ఫ్రాన్స్‌లోని ‘జీత్’ సూచిస్తాను. ఇది వంటగదితో సహా అద్దెకిచ్చే పల్లెటూరి ఇల్లు. నలుగురైదుగురు పంచుకుంటే తలకు పడే ఖర్చు బాగా తగ్గుతుంది గానీ, జులై, ఆగస్టుల్లో చాలావరకు శనివారం నుంచి శనివారం దాకా వారం లెక్కనే ఇస్తారు, దుప్పట్లకూ తువ్వాళ్లకూ కొన్నిచోట్ల విడిగా తీసుకుంటారు. శనివారం సాయంత్రం చేరేసరికి ఊళ్లోని దుకాణం మూసేసి ఉండవచ్చు, ఆదివారం మధ్యాహ్నం తర్వాత తెరిచి ఉండేది ఇంకా అరుదు. కాబట్టి బియ్యం, పాలు, ఉల్లిపాయలు దారిలోని పెద్ద సూపర్‌మార్కెట్‌లోనే కొనుక్కొని వెళ్లాలి.